స్టీలు డబ్బాలో పేడ

ముప్పై ఏళ్లకు పైగా నేను పేడ చూసి జీతం తీసుకున్నాను. పెళ్లిళ్లలో పక్కన కూర్చున్నవాళ్లు "మీరేం చేసి రిటైరయ్యారు?" అని అడిగితే ఇదే చెబుతాను. సగంమంది పకపకా నవ్వుతారు, మిగతా సగంమంది విస్తరి కాస్త అటు జరుపుకుంటారు. జరుపుకున్నవాళ్ల మీద నాకు కోపం లేదు. కాలేజీలో మొదటి ఏడాదంతా నేనూ ముక్కుకు చున్నీ చుట్టుకుని తిరిగినదాన్నే.

పశువైద్యం చదివి కొత్తగా ఉద్యోగంలో చేరబోయే అమ్మాయిలు, అబ్బాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. కడుపు కోసి దూడను బయటికి తీసిన కథ చెబుతానని వాళ్ల ఆశ. అలాంటివీ ఉన్నాయి, వాటిలో నేను చాలా గొప్పగా కనిపిస్తాను కూడా. కానీ మీకు పనికొచ్చేది నేను రెండుసార్లు బోర్లా పడిన కేసు. ఇబ్రహీంపట్నం పసుల దవాఖానలో జరిగింది. అందులో ఒక బర్రె, ఒక స్టీలు డబ్బా, నా కోపం ఉన్నాయి. ఈ మూడింటిలో బర్రె ఒక్కటే ఏ తప్పూ చేయలేదు.

నేను అక్కడికి బదిలీ మీద వెళ్లేనాటికి పెద్దచెరువు పేరుకే చెరువు. లోపల తుమ్మచెట్లు మొలిచాయి, ట్రాక్టర్లు దాంట్లోంచే అడ్డదారిన పోయేవి. చేపలు పట్టి బతికిన కుటుంబాలవాళ్లు ఒకరు తుక్కుగూడలో ఆటో నడుపుతూ, ఒకరు నాదర్‌గుల్ కాలనీల్లో వాచ్‌మన్‌గా ఉంటూ కాలం గడిపేవారు. అలాంటిది ఒక ఏడాది వానలు దంచికొట్టాయి. చెరువు నిండింది. నిండి ఊరుకోలేదు, అలుగు మీదుగా పొర్లి మత్తడి దూకింది.

ఆ రోజు మా ఊరి సంబరం మీరు చూడవలసింది. నేను మధ్యాహ్నం టిఫిను మూత తీయబోతుంటే మా అటెండరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నాకంటే వయసులో పెద్దవాడు, నాకంటే ముందు నుంచి ఆ దవాఖానలో ఉన్నవాడు. నేను ఆయన్ను అన్నా అనేదాన్ని. "మేడం, అన్నం రేపు గూడ తినొచ్చు. మత్తడి రేపటికి ఉంటదో ఉండదో" అన్నాడు. అంతే, టిఫిను మూసేసి ఆయన స్కూటరు వెనక ఎక్కాను. మంచాల బస్సు రోడ్డు మధ్యలో ఆగి ఉంది. డ్రైవరు, కండక్టరు, ప్రయాణికులు అందరూ దిగి నీళ్ల దగ్గర ఉన్నారు. ఒక పెద్దమనిషి చెప్పులు చేతిలో పట్టుకుని ఆ మత్తడి నీళ్లలో చిన్నపిల్లాడిలా గెంతుతున్నాడు. నాకు ఒక చెప్పు కొట్టుకుపోయింది. రెండోది ఉండి ఏం లాభమని నేనే దాన్ని కూడా విసిరేశాను. తిరిగి వచ్చి సాయంత్రం దాకా చెప్పుల్లేకుండా దవాఖానలో కూర్చున్నాను, అయినా నా మొహం మీద నవ్వు పోలేదు.

నెలలు గడిచాయి. నీళ్లు కాస్త వెనక్కి తగ్గి ఒడ్డు వెంబడి పచ్చగడ్డి లేచింది. ఏళ్ల తరబడి ఎండు చొప్ప నమిలిన పశువులు ఆ గడ్డిని చూసి ఇళ్లకు రామంటే రామని మొరాయించాయి. ఊరంతా ఆ గడ్డి గురించే మాట. "మా బర్రెలకు పెండ్లయినట్టుంది మేడం" అని ఒకాయన నాతో అన్నాడు. నేనూ తలాడించి నవ్వాను. నవ్వే బదులు ఆలోచించి ఉండవలసింది.

ఆ బర్రెను సాకే ఆమె మొదటిసారి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ రోజు నేను ఇంకొకాయన మీద అరుస్తున్నాను. ఆ పెద్దమనిషి దూడ పేడను పల్చటి ప్లాస్టిక్ కవరులో పోసి తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. కవరుకు చిల్లు. లోపలున్నదంతా రిజిస్టరు మీద పారింది. నాకు ముక్కు మీద కోపం, అది సర్వీసంతా నాతోనే ఉంది. "గిట్ల తెస్తరా? ఇది దవాఖాననా, మీ పెంటకుప్పనా? గింత కంపు గొట్టేది టేబుల్ మీద పెట్టడానికి సిగ్గుండాలె" అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన పాపం తన కండువాతో రిజిస్టరు తుడుస్తున్నాడు. బెంచీ చివర చీర కొంగు తలమీద కప్పుకుని ఒక నలభై ఏళ్ల మనిషి ఇదంతా కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది. ఆమె చూస్తోందన్న సంగతి నేను పట్టించుకోలేదు.

ఆమెది చెరువు కట్ట కింది ఊరు. భర్త నాదర్‌గుల్‌లో వాచ్‌మన్‌గా ఉండి, చెరువు నిండగానే ఉద్యోగం మానేసి వలతో తిరిగొచ్చిన మనిషి. ఇంట్లో ఉన్నది ఒకటే బర్రె, ఐదు నెలల సూడితో ఉంది.

"మేడం, బర్రె మేస్తలేదు. నీళ్ల లెక్క పారుకుంటుంది. బక్కగయ్యింది. గదవ కింద సంచి లెక్క ఏదో దిగింది" అంది.

వెళ్లి చూశాను. ఆమె చెప్పినట్టే ఉంది. దవడ కింద నీరు చేరి మెత్తగా వేలాడుతోంది, కనురెప్ప తిప్పితే లోపల తెల్లగా పాలిపోయింది. ఇప్పుడు మీలో ఎవరిని అడిగినా కార్జపు జలగ అని టక్కున అంటారు. అప్పుడు నన్ను పరీక్షలో అడిగితే నేనూ అనేదాన్ని. చెరువు నత్తల్లో పెరిగి, గడ్డి అంచులకు అంటుకుని, పశువు కడుపులోకి పోయి కార్జంలో, అంటే కాలేయంలో, కాపురం పెట్టే పురుగు అది. కానీ నేను పనిచేస్తున్నది కరువు నేల. ఆ దవాఖానలో అన్నేళ్లుగా ఒక్క జలగ కేసు నమోదు కాలేదు. కళ్లముందు అంత చెరువు ఉప్పొంగుతుంటే, అందులో చెప్పులు పోగొట్టుకున్న మనిషిని నేను, అయినా నాకు తట్టలేదు. "రేపు పేడ తీసుకరా, చూద్దాం" అని చెప్పి వచ్చాను.

మర్నాడు తెచ్చింది. తళతళ మెరిసే స్టీలు డబ్బా. మూత తీస్తే గుండ్రంగా, గట్టిగా, చక్కగా ఒత్తి పెట్టిన పేడ. డబ్బా అంచులు కూడా తుడిచి ఉన్నాయి. నా ప్రాణం లేచి వచ్చింది. పక్కనున్నవాళ్లందరికీ డబ్బా చూపించి "శాంపిల్ అంటే గిట్ల తేవాలె" అన్నాను. ఆమె సిగ్గుపడి నవ్వింది. నీళ్లలా పారుకుంటున్న బర్రెకు ఇంత గట్టి పేడ ఎక్కడిదని అడగాలన్న తెలివి నాకు రాలేదు. మెచ్చుకోవడంలో మునిగిపోయాను.

అప్పుడు చేసిన మొదటి తప్పు పూర్తిగా నాదే. పేడను చిక్కటి ఉప్పునీళ్లలో కలిపి తేల్చే పద్ధతి ఉంది. పురుగుల గుడ్లు పైకి తేలతాయి, పావుగంటలో పని అయిపోతుంది. నాకు ఓపిక తక్కువ కాబట్టి ఆ పద్ధతంటే ఇష్టం. కానీ జలగ గుడ్డు బరువైనది, తేలదు, అడుక్కి పోతుంది. నేను పైన తేలినదాన్ని చూసి "ఏం లేదు చెల్లె" అని చెప్పి, జీర్ణానికి పొడి ఇచ్చి పంపాను.

పది రోజులకు మళ్లీ వచ్చింది. వాపు పెరిగిందట. ఆ రాత్రి పుస్తకం తిరగేసి నా తలమీద నేనే ఒకటి వేసుకున్నాను. మర్నాడు మళ్లీ పేడ తెప్పించాను, మళ్లీ అదే డబ్బా, అదే గట్టి పేడ. ఈసారి బుద్ధిగా నీళ్లలో కలిపి, వడకట్టి, అడుక్కి దిగనిచ్చి, ఆ అడుగు మడ్డిని చూశాను. గడ్డి పీచు తప్ప ఏమీ లేదు. ఇంకో చుక్క, ఇంకో చుక్క. మెడ నొప్పి పుట్టింది. ఏమీ లేదు.

మా అటెండరు డబ్బా దగ్గర ముక్కు పెట్టి చూశాడు. ఆయన ముక్కు మీద ఆయనకు నమ్మకం ఎక్కువ, నా మైక్రోస్కోపును దుర్బిణి అనేవాడు.

"మేడం, ఇది బీమారి ఉన్న పసురం పేడ వాసన గాదు" అన్నాడు.

"నీ ముక్కుతోని రిపోర్టు రాయాల్నా అన్నా?" అన్నాను.

"రాయున్రి, తప్పేముంది?" అన్నాడు.

నేను రాయలేదు. ఉప్పునీళ్లలో లేదు, మడ్డిలో లేదు, కాబట్టి జలగ కాదు. మరి దవడ కింద ఆ నీరెందుకు? మేతలో ఇనుప తీగ ముక్క మింగితే అది గుండెకు గుచ్చుకుని కూడా అలాంటి వాపు వస్తుంది. కాలనీలు లేస్తున్నచోట తీగ ముక్కలకేం కొదవ? నాకు నేనే సర్ది చెప్పుకుని ఆమెను పిలిచి కూర్చోబెట్టాను. "పేడల ఏం లేదు చెల్లె. తీగ మింగినట్టుంది. గుండె దాక పోయింది. ఇది దక్కుడు కష్టం" అన్నాను. ఆమె ఖాళీ డబ్బాను కొంగుతో తుడుచుకుంటూ లేచి వెళ్లిపోయింది. ఆ తుడుచుకోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

అసలు రోజుకు వస్తాను. గాలికుంటు టీకాలు వేయడానికి అటెండరూ నేనూ ఉదయాన్నే ఆమె ఊరికి వెళ్లాం. ఆ వాడకట్టులో పశువులన్నిటికీ సూదులు వేస్తూ వేస్తూ ఆమె ఇంటి ముందుకొచ్చాం. రేకుల కొట్టంలో బర్రె నిలబడి ఉంది, ఎముకల మీద తోలు కప్పినట్టుంది. ఆమె బయటికొచ్చి "దానికి సూది ఎందుకు మేడం? ఇయ్యాల పగటీలి కోతకు కొనే బేరగాడు వస్తున్నడు. తోల్కపోతడు" అంది.

"సూడిదాన్ని అమ్ముతున్నవా?"

"మీరే గద దక్కదన్నరు. మా కొట్టంల సచ్చిపోతే నేను చూడలేను మేడం. దీన్ని దుడ్డెప్పటి సంది నేనే సాదిన."

బర్రె తల తిప్పి నా వైపు చూసింది. పశువులు ఊరికే చూస్తాయని నాకు తెలుసు, అయినా ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. ఏదో ఒకటి చేయాలి కాబట్టి, చేతిలో పని లేకపోతే ఏడ్చేలా ఉన్నాను కాబట్టి, "ఇంకొక్కసారి పేడ తీసి ఇయ్యి చెల్లె, చూస్త" అన్నాను.

ఆమె మొహం వెలిగింది. లోపలికి పరుగెత్తి అదే డబ్బా తెచ్చింది. తెచ్చి, బర్రె పక్కనుంచి, బర్రె తోక పక్కనుంచి, నా పక్కనుంచి దూసుకుపోయి, పిట్టగోడ దాటి అవతలి ఇంటి వాకిట్లోకి దూకింది.

నాకు అర్థం కాలేదు. అవతలి ఇల్లు ఆమె మరిది భార్యది, అంటే యారాలు. అక్కడొక నల్లటి, నిగనిగలాడే బర్రె, ఎన్నడూ చెరువు మొహం చూడకుండా బోరు నీళ్లు తాగి కొట్టంలోనే తినే బర్రె, హాయిగా నెమరేస్తోంది. యారాలు గొంతు గోడ మీదుగా ఖంగుమని వినిపించింది.

"మల్ల వచ్చినవా అక్కా? మీ డాక్టర్ మేడంకు మా బర్రె పేడ మస్తు నచ్చినట్టుందే!"

టీకా సూది చేతిలో అలాగే ఉంది. అటెండరు నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను.

"చెల్లె," అన్నాను, "ఎవరి పేడ అది?"

ఆమె నిండిన డబ్బాతో తిరిగొస్తూ గోడ మీద ఒక కాలు అటు, ఒక కాలు ఇటు వేసి ఆగిపోయింది. "మా యారాలు బర్రెది మేడం."

"రెండుసార్లు తెచ్చింది గూడ అదేనా?"

"అవ్ మేడం, గదే."

"మరి నీ బర్రెది?"

"గా నీళ్ల పేడ మీకెట్ల ఇయ్యాలె మేడం? వాసన. మీరు కూసుండే టేబుల్ మీద పెడ్తరు. ఆ దినం గా పెద్దమనిషిని ఎంత తిట్టిన్రు! నాకు ఇజ్జత్ లేదా? అందుకే మంచిగ గట్టిగున్నది చూసి, కడిగిన డబ్బాల తెచ్చిన."

"కానీ అది నీ బర్రెది కాదు గద!"

"రెండు బర్రెలే గద మేడం. రెండు గడ్డే తింటయ్."

ముందు నవ్వింది మా అటెండరు. గోడకు ఆనుకుని, పొట్ట పట్టుకుని, ఇంత ఇంత కన్నీళ్లు కారేలా నవ్వాడు. "చెప్పిన్నా మేడం? నా ముక్కు చెప్పిందా లేదా?" అంటాడు, మళ్లీ నవ్వుతాడు. తర్వాత నేను మొదలుపెట్టాను. నా నవ్వులో సగం సిగ్గు. ఆరోగ్యంగా ఉన్న బర్రెకు రెండుసార్లు ఆరోగ్యంగా ఉందని రిపోర్టు ఇచ్చి, దాన్ని నమ్మి పక్కింటి బర్రెను చావుకు వదిలేశాను. అలా చేయించింది ఎవరు? ఆ రోజు రిజిస్టరు పాడైందని నేను చూపిన కోపమే. ఆమె నాకు మర్యాద చేసింది. నా నోటికి భయపడి చేసింది.

డబ్బా ఆమె చేతిలోంచి లాక్కుని, ఉన్నదంతా పారబోసి, ఆమె బర్రె వెనక నేనే నిలబడ్డాను. ఎక్కువసేపు నిలబడాల్సిన పని పడలేదు. డబ్బాలో కొంత, నా చేతి మీద కొంత, నా చీర మీద కొంత పడింది. అంత కంపు గొట్టే శాంపిల్ నా సర్వీసులో చూడలేదు, అంత సంతోషంగా కూడా ఏదీ పట్టుకోలేదు.

"బేరగాడు వస్తే ఆపు" అన్నాను.

"ఎంతసేపు ఆపాలె మేడం?"

"నేనొచ్చే దాక. చాయ్ పొయ్యి. అన్నం పెట్టు. ఏదన్న జెయ్యి."

దవాఖానకు వచ్చి పడ్డాం. పేడ నీళ్లలో కలిపాను, వడకట్టాను, గాజు గ్లాసులో నిలబెట్టాను. ఇక్కడే నాకు పరీక్ష. ఆ గ్లాసు ముందు కూర్చుని ఆగాలి. అడుక్కి దిగాక పైనీళ్లు మెల్లగా వంచి, మళ్లీ నీళ్లు పోసి, మళ్లీ ఆగాలి. నీళ్లు తేటపడేదాకా ఇదే పని. తొందరపడి వంచితే గుడ్లన్నీ తూములోకి పోతాయి. మొదటిసారికే నా చేయి గ్లాసు మీదికి పోయింది. అటెండరు నా చేయి పట్టుకుని పక్కన పెట్టాడు. "జర ఆగున్రి మేడం. ఇన్ని దినాలు ఆగిన బర్రె ఇంకింత సేపు ఆగదా?" అన్నాడు. రెండోసారి కూడా చేయి పోయింది, ఆయన మళ్లీ తీసి పక్కన పెట్టాడు. మూడోసారి నా రెండు చేతులూ నేనే కింద వేసుకుని వాటి మీద కూర్చున్నాను.

చివరికి మడ్డి మిగిలింది. ఒక చుక్క గాజు పలక మీద వేసి, నీలం రంగు మందు ఒక చుక్క కలిపి కన్ను పెట్టాను. గడ్డి పీచంతా నీలంగా మారిపోయింది. ఆ నీలం మధ్యలో, ఏ రంగూ అంటకుండా, పసుపుపచ్చగా, కోలగా, ఒక కొసకు చిన్న మూతతో ఉంది. పొట్టలో ఉండే జలగ గుడ్డు కూడా ఇదే ఆకారంలో ఉంటుంది కానీ దానికి రంగుండదు. ఇది బంగారమే. పలక జరిపాను, ఇంకొకటి. జరిపాను, రెండు పక్కపక్కన.

నేను కేక పెట్టాను. ఎంత గట్టిగా అంటే బయట సూది కోసం కట్టేసిన మేక తాడు తెంపుకుని రోడ్డు దాకా ఉరికింది. స్టూలు పడిపోయింది. నేను యాభై దాటిన మనిషిని, ప్రభుత్వ వైద్యురాలిని, ఆ గదిలో చేతులు పైకెత్తి గిరగిరా తిరిగాను. అటెండరు నిదానంగా వచ్చి ఒక కన్ను మూసి చూశాడు.

"గిదేనా? గింతంత ఉంది. దీనికేనా గింత లొల్లి?" అన్నాడు.

"దీనికే అన్నా! దీనికే!"

మందు సీసా పట్టుకుని స్కూటరు ఎక్కాం. ఆమె దగ్గర ఫోను లేదు, ఉన్న ఒక్క ఫోను భర్తతో పాటు చెరువులో ఉంది. మా అటెండరు స్కూటరుకు ఒక అలవాటుంది, మధ్యదారిలో ఆగిపోతుంది, ఒక పక్కకు వంచితే ట్యాంకులో పెట్రోలు కదిలి మళ్లీ నడుస్తుంది. ఆ రోజు రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ నేను దిగి, పేడ మరకల చీరతో, చేతికి తీయడం మరిచిపోయిన తొడుగులతో స్కూటరును వంచాను. దారిన పోయేవాళ్లు "మేడం, ఏమైంది?" అని అరుస్తుంటే "దొరికింది! దొరికింది!" అని అరిచాను. ఏం దొరికిందో ఎవరికీ తెలియదు, అయినా ఇద్దరు చప్పట్లు కొట్టారు.

మేం వెళ్లేసరికి ట్రాలీ ఆటో వచ్చి ఉంది. చెక్క ఆనించి బర్రెను ఎక్కిస్తున్నారు. నలుగురు వెనకనుంచి తోస్తున్నారు. బర్రె మాత్రం రెండు ముందు కాళ్లు చెక్క మీద పెట్టి, వెనక భాగం నేల మీద ఆనించి, ఇక్కడే ఉంటానన్నట్టు కూర్చుంది. తాడు ఆమె చేతిలో ఉంది. ఆమె లాగడం లేదు, వదలడం లేదు. కళ్ల నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. బేరగాడి పక్కన మూడు ఖాళీ చాయ్ గ్లాసులున్నాయి. ఆమె చేయగలిగింది చేసింది.

"దింపున్రి! దింపున్రి! అది సచ్చేది కాదు, బతికేది!" అని నేను స్కూటరు ఆగకముందే దూకాను. పడబోతే బర్రె నడుమే పట్టుకుని నిలబడ్డాను.

బేరగాడు తెల్లటి గడ్డం ఉన్న నెమ్మదైన మనిషి. "మేడం, మీరే గద తీగ మింగిందన్నరు?" అన్నాడు.

"తప్పు చెప్పిన. నాదే తప్పు. కార్జంల జలగలున్నయి. మందుంది" అన్నాను. అంత సులువుగా ఆ మాట నా నోటి వెంట వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆయన తలూపాడు. "గదా? ఆకుల లెక్క ఉంటయ్, గవేనా? రెండు నెలల సంది గీ చెరువు పసులల్ల ఎన్ని కోసినా గదే. కార్జం గట్టిగయ్యి కత్తి దిగుతలేదు. అన్ని పారేస్తున్నరు."

"మరి నాకు చెప్పలేదేంది?"

"మీరు అడిగిన్రా మేడం?"

నేను అడగలేదు. అప్పుడే ఆమె భర్త చెరువు నుంచి వచ్చాడు, గుంపును చూసి వల భుజం మీదనుంచి దించాడు. ఆ వలకే అంటుకుని ఉన్నాయి, నాలుగైదు నత్తలు. అటెండరు ఒకదాన్ని పీకి ఆయన మొహం ముందు పెట్టాడు. "ఏడ పారబోస్తవ్ వీటిని?"

"ఒడ్డుకు దులుపుత అన్నా. మన బర్రె మేసే కాడ. ఆడనే జర జాగ ఉంటది."

ఆమె కన్నీళ్లతోనే భర్త వీపు మీద ఒకటి చరిచింది. ముందు బేరగాడు నవ్వాడు, తర్వాత ట్రాలీ డ్రైవరు, తర్వాత గోడ మీద గడ్డం ఆనించి చూస్తున్న యారాలు, తర్వాత ఆ వాడకట్టు మొత్తం. బర్రెకు అక్కడే, ఆ చెక్క మీద కూర్చున్నదానికే మందు తాగించాను. బేరగాడే దాని మూతి పైకెత్తి పట్టుకున్నాడు.

మర్నాటి ఉదయం మా దవాఖాన ముందు వరస చూసి నేను బెదిరిపోయాను. స్టీలు డబ్బాలు, పెరుగు బకెట్లు, ఐస్‌క్రీము డబ్బాలు, ఒకామె ఏకంగా అన్నం పెట్టుకునే హాట్‌బాక్సు. అన్నింటిలోనూ పేడ, అంతా ఎవరి పశువుది వాళ్లది. "మాది అసలు పేడ మేడం, చూసుకోన్రి" అని ఒకరినొకరు తోసుకుంటున్నారు. కంపుకు కళ్లు మండుతున్నాయి, నేను ఎవరినీ ఒక్క మాట అనలేదు. కావలసినవాళ్లందరికీ గుడ్డు చూపించాను. ఆమె కూడా వచ్చి మైక్రోస్కోపులో కన్ను పెట్టింది.

"నాకేం గనవడ్తలేదు మేడం. ఏవో వెంట్రుకలు."

"అవి నీ రెప్పలు. జర దూరం జరుగు."

జరిగింది. ఊపిరి బిగపట్టింది. "అబ్బ, పుస్తె లెక్క మెరుస్తుంది గద!" అంది. తర్వాత కోపం వచ్చింది. "గింత ముద్దుగుండి గంత పని జేస్తదా?"

మూడు వారాలకు ఆ బర్రె దవడ కింది సంచి మాయమైంది. ఒడ్డు గడ్డిని కోసి ఎండబెట్టి వేయడం ఊరివాళ్లు నేర్చుకున్నారు. భర్త నత్తలను గోతిలో వేసి పూడ్చడం నేర్చుకున్నాడు. నేను అడగడం నేర్చుకున్నాను. బేరగాడు దారిలో కనిపిస్తే ఆపి, "ఈ వారం కార్జాలెట్లున్నయ్?" అని అడిగేదాన్ని. చూసినవాళ్లు నా గురించి ఏమనుకున్నారో నాకు తెలియదు. కోపం మాత్రం పూర్తిగా పోలేదు, అబద్ధమెందుకు? కానీ పేడ తెచ్చినవాళ్ల మీద మళ్లీ అరవలేదు.

నా రిటైర్మెంటు రోజు దవాఖాన ముందు షామియానా వేశారు. పెద్దసార్లు వచ్చారు, శాలువాలు కప్పారు, నాలో లేని గుణాలన్నీ చెప్పారు. అప్పటికే రిటైరైన మా అటెండరు అదే స్కూటరు మీద వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఉపన్యాసాల మధ్యలో ఆమె నేరుగా వేదిక దగ్గరికి వచ్చింది. చేతిలో శుభ్రమైన గుడ్డలో చుట్టిన అదే స్టీలు డబ్బా.

జున్ను తెచ్చిందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. మా అటెండరు నోరు చప్పరించడం వేదిక మీదికి వినిపించింది. నేను గుడ్డ విప్పి, అందరూ చూస్తుండగా మూత తీశాను.

పేడ.

పెద్దసారు కుర్చీ వెనక్కి జరిపాడు. ఆమె మాత్రం గంభీరంగా ఉంది. "మా దుడ్డెది మేడం. ఆ దినం కడుపులున్నది. ఇప్పుడు ఒడ్డుకు మేతకు పోతుంది. మీరు పోయే ముందు జర చూసి చెప్పున్రి" అంది. తర్వాత ఒక అడుగు దగ్గరికి వచ్చి, అందరికీ వినపడేలా అంది: "యారాలింటిది గాదు. ఒట్టు."

నేను దండ మెడలో ఉండగానే లోపలికి వెళ్లాను. బయట భోజనాలు మొదలయ్యాయి. నీళ్లలో కలిపి, వడకట్టి, నిలబెట్టి, నా చేతుల మీద నేను కూర్చున్నాను. ఒకసారి వంచాను, రెండోసారి, మూడోసారి. తేటపడేదాకా ఆగాను. మైక్రోస్కోపులో కన్ను పెట్టి మూడు చుక్కలు చూశాను, నాలుగోది కూడా చూశాను. నీలం గడ్డి పీచు తప్ప ఎక్కడా పసుపు లేదు. నా ఉద్యోగంలో ఏమీ కనిపించనందుకు అంత సంతోషపడిన రోజు ఇంకొకటి లేదు.

ఆమె అన్నం తినకుండా గుమ్మం బయటే నిలబడి ఉంది.

"ఏం లేదు చెల్లె" అన్నాను.

ఆ మాట నేను ఆమెతో అనడం అది మూడోసారి. ఆమె నా మొహంలోకి ఒక క్షణం పరీక్షగా చూసింది. డబ్బా తీసుకుని మూత పెట్టింది.

"ఈసారి నమ్ముత మేడం" అంది.